ఆమె మతం టీకా వద్దంటుందా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. మాది విజయవాడ. మా ఇంటికి దగ్గరే హైలాండ్ పార్క్. అక్కడి పార్కులో రెండేళ్ల కిందట ఒక యూదు అమ్మాయి పరిచయమైంది. ఆర్థడాక్స్, అంటే మత నియమాలు గట్టిగా పాటించేవాళ్లు, ఐదుగురు పిల్లలు. మా బాబుకీ వాళ్ల నాలుగోవాడికీ నాలుగేళ్లు, ఒకడిని వదిలి ఒకడు ఉండడు. మా అమ్మకు వీసా రాలేదు. నేను కాన్పుకి వెళ్లినప్పుడు మా బాబుని రెండు రాత్రులు తన దగ్గరే పడుకోబెట్టుకుంది. అలాంటి మనిషి. మొన్న మా పాప టీకాల మాట వచ్చింది. పాపకి ఇప్పుడు ఏడో నెల. "మా చిన్నవాళ్లిద్దరికీ మేము ఏ టీకా వేయించలేదు, మా మతం ఒప్పుకోదు. ప్రీస్కూలుకి కూడా మతం కారణమని లెటర్ ఇచ్చాం" అంది. వాటిలో పంది పదార్థం ఉంటుందని కూడా చెప్పింది. వచ్చే నెల వాళ్లంతా ఒక పెళ్లికి ఇజ్రాయెల్ వెళ్లొస్తున్నారు. మా పాపకి ఎంఎంఆర్, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే టీకా, వేయాలంటే ఏడాది నిండాలి కదా. మావారేమో "వాళ్ల మతం, వాళ్లిష్టం, మనకెందుకు" అంటారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజంగానే వాళ్ల మతంలో టీకా నిషిద్ధమా? ఆమెతో ఈ మాట ఎత్తితే తప్పవుతుందా? పిల్లల్ని కలవనివ్వడం మానేయాలా?
— ఎస్., ఎడిసన్

జవాబు:

ఎస్. గారూ, మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు. నిషిద్ధం కాదు. యూదు ధర్మశాస్త్రాన్ని వాళ్లు హలాఖా అంటారు. ఆ హలాఖాలో టీకా కూడదన్న మాట లేదు. ఆర్థడాక్స్ రబ్బీల్లో, అంటే వాళ్ల మతగురువుల్లో, చాలా ఎక్కువమంది వేయించమనే చెబుతారు. వాళ్లలో వాళ్లకి వాదన ఉంటే, అది వేయించడం తప్పనిసరి విధి అవుతుందా, లేక చేస్తే మంచిదన్న పని అవుతుందా అన్న దగ్గర ఉంది. వద్దనే రబ్బీలు అసలే లేరని అనను. అమెరికాలోనే పేరున్న ఒకరిద్దరు పెద్దవాళ్లు టీకాల మీద అనుమానంగా మాట్లాడారు. మీ స్నేహితురాలు వాళ్ల మాట విని ఉండొచ్చు. కానీ "మా మతం ఒప్పుకోదు" అనేది చాలా పెద్ద మాట. అంత పెద్ద మాటకు వాళ్ల గ్రంథాల్లో ఆధారం కనపడదు.

నేను డాక్టర్ని కాను, రబ్బీని అసలే కాను. 2019లో మా అమ్మాయి పురిటికి బ్రూక్లిన్ వెళ్లి ఆరు నెలలున్నాను. అప్పుడే అక్కడ మీజిల్స్, అంటే మన తట్టు, పెద్దగా వచ్చింది. చంటిపిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని, మీకు ఇప్పుడున్న భయమే నాకూ పట్టుకుని, దొరికిందల్లా చదివాను. అప్పుడు తెలుసుకున్నవే ఇక్కడ చెబుతున్నాను.

ముందు మీరు ఇప్పటికే గమనించి ఉండే ఒక సంగతి. ఆ పిల్లలు మీ ఇంటికొస్తే ఏం పెట్టాలన్నా మీరు ప్యాకెట్ తిప్పి చూసే ఉంటారు. ఓరియో ప్యాకెట్ మీద చూడండి, చిన్న సున్నాలో యు అక్షరం ఉంటుంది. ఆ గుర్తు ఉంటే ఆ పిల్లలు తినొచ్చు. అది ఆర్థడాక్స్ యూనియన్ అనే సంస్థ ముద్ర. ఏది కోషర్, అంటే యూదులు తినదగ్గది, ఏది కాదు అని తేల్చడంలో అమెరికాలో అంత పేరున్న సంస్థ ఇంకొకటి లేదనే చెప్పాలి. అదే సంస్థ, అమెరికాలోని ఆర్థడాక్స్ రబ్బీల మండలితో కలిసి, 2018 నవంబరులో ఒక ప్రకటన ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ, పిల్లల డాక్టరు చెప్పిన వేళకు, టీకాలు వేయించమని తల్లిదండ్రులను గట్టిగా కోరింది. బిస్కెట్ విషయంలో ఎవరి మాట మీద ఆమె నమ్మకం పెట్టుకుందో, టీకా విషయంలో ఆ సంస్థ మాట అదీ.

ఇక ధర్మశాస్త్రం ఏమంటుందో చూద్దాం. శనివారం, అంటే వాళ్ల షబ్బాత్ రోజు, మీ స్నేహితురాలు లైటు స్విచ్ కూడా ముట్టుకోదు. కారు ఎక్కదు, ఫోన్ తీయదు. కానీ అదే రోజు పిల్లాడికి ఊపిరాడకపోతే ఫోన్ తీసి అంబులెన్స్‌ని పిలుస్తుంది, ఎక్కి కూర్చుంటుంది. పిలవడం తప్పు కాదు సరికదా, ఆలస్యం చేస్తేనే తప్పు. బ్రూక్లిన్‌లో హట్జోలా అని వాళ్లదే వలంటీర్ల అంబులెన్స్ ఉంది. గడ్డాలు, నల్లకోట్ల మనుషులు షబ్బాత్ నాడు సైరన్ మోగించుకుంటూ పోవడం నేను కిటికీలోంచి చూశాను. ప్రాణం కాపాడడం కోసం దాదాపు ప్రతి నియమాన్నీ పక్కన పెట్టవచ్చు, పెట్టాలి కూడా. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. మినహాయింపులు మూడే: విగ్రహారాధన, హత్య, కూడని లైంగిక సంబంధం. ఆ మూడూ తప్ప మిగతావన్నీ ప్రాణం ముందు తలవంచుతాయి. ఆజ్ఞలు మనిషి వాటి వల్ల బతకడానికి ఇచ్చినవి, చావడానికి కాదు అని తాల్ముద్ అనే ప్రాచీన ధర్మచర్చల గ్రంథంలోని పండితులు తేల్చారు. దానికి ఆధారంగా వాళ్లు చూపేది లేవీయకాండంలోని వాక్యం. ఇంకో సంగతి. షబ్బాత్ నాడు గోడ కూలితే, దాని కింద మనిషి ఉన్నాడో లేడో తెలియకపోయినా తవ్వాలి. అనుమానం ఉన్నా చాలన్నమాట.

"అది ప్రాణం పోతున్నప్పటి మాట కదా, మా పిల్లాడు హాయిగా ఆడుకుంటున్నాడు, వాడికి సూదెందుకు" అని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడే నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. యూదుల మూలగ్రంథం తోరాలోని ఐదో పుస్తకంలో, మన తెలుగు బైబిల్లో ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడికి ఒక ఆజ్ఞ ఉంది: డాబాకు చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా పడితే ఆ రక్తం నీ ఇంటి మీద ఉంటుంది. అంతే. ఇంకా ఎవరూ పడలేదు. పడతారో లేదో కూడా తెలియదు. అయినా గోడ కట్టడం విధి. వేసవిలో డాబా మీద పడుకుని పెరిగిన మనకు ఆ పిట్టగోడ విలువ వేరే చెప్పాలా?

పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ అనే మహాపండితుడు ఈ పిట్టగోడను ఇంటి పైకప్పు దాటించి చాలా దూరం తీసుకెళ్లాడు. యూదులు ఆయన్ని రాంబామ్ అంటారు. ప్రాణానికి ముప్పు తెచ్చే ఏ అడ్డంకినైనా తొలగించడం, దాని నుంచి జాగ్రత్త పడడం విధి అని రాశాడు. "నా ప్రాణం, నా ఇష్టం, నీకేం" అనేవాడికి శిక్ష కూడా ఉందన్నాడు. ఆయన ఉత్త పండితుడు కాదు, ఈజిప్టులో సలాదీన్ ఆస్థానంలో వైద్యం చేసినవాడు. ఆస్థానంలో రోగులను చూసి తిరిగొచ్చి, సవారీ దిగేసరికి ఇంటి దగ్గర ఇంకా జనం కూర్చుని ఉండేవారని ఒక ఉత్తరంలో తనే రాసుకున్నాడు.

టీకా ప్రశ్న వాళ్లకు కొత్తది కూడా కాదు. జెన్నర్ 1796లో ఆవు పొక్కులోంచి మందు తీయకముందు ఒక మొరటు పద్ధతి ఉండేది. మశూచి వచ్చినవాడి పొక్కులోని చీము తీసి, ఆరోగ్యంగా ఉన్నవాడి చర్మం కోసి అందులో పెట్టేవారు. మామూలుగా అయితే రోగం తేలిగ్గా వచ్చి పోయేది, మళ్లీ వచ్చేది కాదు. కానీ కొందరు దానితోనే చచ్చిపోయేవారు. ధర్మసంకటమంటే అదే. ఆడుకుంటున్న పిల్లాడిని మన చేత్తో మనమే ప్రమాదంలో పెట్టొచ్చా? అబ్రహాం నాన్సిఖ్ అనే పండితుడు మశూచికి ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. ఆయన 1785లో లండన్‌లో దీని మీదే ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి, చేయించవచ్చని వాదించాడు. గోడ కూలిందని అరుపు వినేదాకా ఆగనక్కర్లేదు, ఊరంతా తిరుగుతున్న రోగం నుంచి ముందే తప్పుకోవాలన్నది ఆయన పట్టుదల. ఇద్దరు పిల్లల్ని పూడ్చిపెట్టిన మనిషి రాసిన వాదన అది. శాస్త్రచర్చలా చదవడం నా వల్ల కాలేదు.

తర్వాతి తరంలో ఇజ్రాయెల్ లిప్‌షుట్జ్ అనే రబ్బీ లెక్క ఇంకా సూటిగా చెప్పాడు. ఆ పొక్కుల మందు వల్ల వెయ్యిలో ఒకరు పోయినా సరే, వేయించవచ్చు. ఎందుకంటే రోగం తనంతట తాను వస్తే ఆ ప్రమాదం ఇంకా దగ్గరిది. ఆయనే ఇంకోచోట జెన్నర్‌ను తలచుకుని, యూదుడు కాకపోయినా పరలోకంలో పుణ్యఫలం పొందే మహానుభావుల్లో లెక్కకట్టాడు. ఆ వెయ్యిలో ఒకటి అన్న లెక్క గుర్తుంచుకోండి. మీ పాపకు వేసే ఎంఎంఆర్‌తో ఆ ప్రమాదానికి పోలికే లేదు. అంత ప్రమాదం ఉన్నదానికే సరే అన్నవాళ్లు దీనికి కాదంటారా?

అన్నిటికన్నా వింత బ్రెస్లోవ్ రబ్బీ నఖ్‌మాన్ సంగతి. హసిడిక్ అనే భక్తిమార్గపు ఆర్థడాక్స్ శాఖకు గురువైన ఈయన ఉక్రెయిన్‌లో ఉండి 1810లో క్షయతో పోయాడు. డాక్టర్ల దగ్గరికి పోవద్దని శిష్యులకు గట్టిగా చెప్పినవాడు. వైద్యుడంటేనే గిట్టదు ఆయనకి. అలాంటి ఆయన కూడా, పుట్టిన మూడు నెలల్లోపు బిడ్డకు మశూచి టీకా వేయించాలి, వేయించకపోతే రక్తం చిందించినట్టే అన్నాడని శిష్యులు రాసిపెట్టారు. ఊరికి దూరంగా ఉన్నా, ఎముకలు కొరికే చలిలోనైనా వెళ్లి వేయించాలట.

మనవైపు కథ కూడా ఒకటి చెప్పాలి. బొంబాయిలో 1896లో ప్లేగు వచ్చినప్పుడు, దానికి టీకా కనిపెట్టినవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. ఒడెస్సాలో పుట్టిన యూదుడు. 1897 జనవరి 10న ఆ మందు ముందు తనకే ఎక్కించుకున్నాడు. అంతకుముందు కలరా టీకా కూడా అలాగే తన ఒంటి మీదే మొదట చూసుకున్నాడు. 1902లో పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్లో టీకా వేయించుకున్నవారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద ఆయన మీద పడింది, ఉద్యోగం పోయింది. ఆయన తప్పు లేదని తేలడానికి 1907 దాకా పట్టింది. ముంబైలో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇంత చెప్పింది ఎందుకంటే, ఆ సైంటిస్టు ముసలితనంలో పూర్తిగా ఆర్థడాక్స్ మతంలోకి మళ్లాడు. సంప్రదాయ మతాన్ని సమర్థిస్తూ 1916లో వ్యాసం రాశాడు. చివరికి ఆస్తిని తూర్పు యూరప్‌లోని యూదు మతపాఠశాలలకు రాసిచ్చాడు. టీకా, తోరా రెండూ ఒకే గుండెలో ఉండడానికి ఆయనకేం ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు పంది సంగతి. మీ స్నేహితురాలు చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో ఎక్కువగా వాడే ఎంఎంఆర్ రకంలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, మందు చెడిపోకుండా కలుపుతారు. కానీ కోషర్ నియమం తినడం గురించి. ఒంట్లోకి పొడిచే సూది తినడం కిందికి రాదు. ముక్కులో కొట్టే ఫ్లూ టీకాలోనూ ఇదే జెలటిన్ ఉంటుంది. బ్రిటన్‌లో దాని మీద ప్రశ్న వచ్చినప్పుడు కోషర్ మందుల సంగతి చూసే రబ్బీ, నోటితో మింగని మందుల్లో పంది పదార్థం ఉన్నా యూదు ధర్మం ప్రకారం ఇబ్బంది లేదని స్పష్టంగా చెప్పాడు. అయినా మనసు ఒప్పకపోతే, జెలటిన్ కలపని ఇంకో ఎంఎంఆర్ రకం 2022 నుంచి అమెరికాలో ఉంది. ఈ ఒక్కమాట ఆమెకు చెప్పి చూడండి. అది విన్నాక కూడా "అయినా వద్దు" అంటే అడ్డు పంది కాదని మీకు అర్థమవుతుంది.

నా అనుమానం కూడా అదే. అడ్డు మతం కాదు, భయం. ఆ భయం ఎలా వ్యాపించిందో నేను దగ్గరుండి చూశాను. 2018 అక్టోబరులో, టీకా వేయించని ఒక పిల్లాడు ఇజ్రాయెల్ నుంచి తట్టుతో బ్రూక్లిన్ తిరిగొచ్చాడు. ఏడాది తిరిగేసరికి న్యూయార్క్ నగరంలోనే 649 మందికి వచ్చింది. ఎక్కువమంది విలియమ్స్‌బర్గ్ హసిడిక్ వీధులవాళ్లే. పక్కన రాక్‌లాండ్ కౌంటీలో ఇంకో మూడొందల మందికి పైగా. 2019 ఏప్రిల్‌లో మేయరు అత్యవసర ఆజ్ఞ జారీ చేశాడు: విలియమ్స్‌బర్గ్‌లో టీకా వేయించుకోనివాళ్లకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా. మా మనవడిని తీసుకెళ్లే పిల్లల క్లినిక్ తలుపు మీద ఒక కాగితం అంటించారు, పైన ఇంగ్లీషు, కింద హీబ్రూ అక్షరాల్లో యిడ్డిష్, అంటే వాళ్లు ఇళ్లలో మాట్లాడే భాష: "దద్దుర్లు, జ్వరం ఉంటే లోపలికి రావద్దు, కారులో నుంచే ఫోన్ చేయండి." ఒకరోజు నా కళ్లముందే తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఒక తల్లి ఆ కాగితం చదివి, బిడ్డ మెడ వెనకాల చొక్కా పక్కకి లాగి చూసుకుని, తలుపు తీయకుండానే వెనక్కి తిరిగింది. ఆమె మొహం ఇప్పటికీ కళ్లలో ఉంది.

ఆ వీధుల్లో చాలా ఇళ్లలో టీవీ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. కబుర్లు చేతికందే పుస్తకాల మీదా, ఫోన్ లైన్ల మీదా నడుస్తాయి. టీకాలు విషమనీ, ఆటిజం వస్తుందనీ భయపెడుతూ ఒక రంగుల పుస్తకం ఆ ఇళ్లకు చేరింది. అందులో హీబ్రూ వాక్యాలూ ఉన్నాయి, దాంతో మతం చెప్పినట్టే అనిపిస్తుంది. ఆటిజం కథ 1998లో బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు మొదలుపెట్టింది. ఆ వ్యాసాన్ని పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు లైసెన్సూ పోయింది. ఆ పుస్తకానికి జవాబు ఇచ్చింది ఎవరనుకున్నారు? ప్రభుత్వం ఒక్కటే కాదు, ఆర్థడాక్స్ యూదు నర్సులు కూడా. ఒక్కో అబద్ధానికీ జవాబు రాసి తమ పుస్తకం తాము అచ్చు వేయించారు. ఇళ్లకు వెళ్లి, వంటింట్లో తల్లుల పక్కన కూర్చుని గంటలకొద్దీ మాట్లాడారు. ఎందుకంటే బయటివాళ్లు చెబితే ఎక్కదు. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. అప్పుడు టీకా లేని పిల్లలందరి తల్లులూ వ్యతిరేకులు కారు. ఆరుగురు, ఏడుగురు పిల్లలతో, ఒకరికి జ్వరం తగ్గితే ఇంకొకరికి వచ్చే ఇళ్లలో, డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా పడి పడి ఆగిపోయినవాళ్లు చాలామంది.

ఆ 2019 జూన్‌లోనే న్యూయార్క్ రాష్ట్రం స్కూళ్లలో మతం పేరు చెప్పి టీకా తప్పించుకునే వీలు తీసేసింది. మీ న్యూజెర్సీలో ఆ ప్రయత్నం చేశారు కానీ నెగ్గలేదు. అందుకే మీ స్నేహితురాలి లెటర్ చెల్లింది. ఆ లెటర్‌లో "మతం" అన్న మాట తప్ప మరో కారణం చెల్లదు కాబట్టి, భయమున్న ప్రతివాళ్లూ ఆ మాటే రాస్తారు. రాసీ రాసీ కొన్నాళ్లకు తామే నమ్ముతారు.

నవ్వకండి, మనవాళ్లూ అంతే. మా నాయనమ్మ మొహం నిండా అమ్మవారి మచ్చలు ఉండేవి. టీకాల వాళ్లు ఊళ్లోకి వచ్చారంటే ఆడవాళ్లు పిల్లల్ని గాదె వెనక దాచేవారని ఆవిడే చెప్పేది. సూది పొడిపిస్తే అమ్మవారికి కోపం వస్తుందని. ఏ శాస్త్రంలో ఉందని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆవిడ అక్క అమ్మవారితోనే పోయింది. ఆ తర్వాత మా నాన్నను మాత్రం ఆవిడే చెయ్యిపట్టి తీసుకెళ్లి టీకా వేయించింది.

మీవారి "మనకెందుకు" అన్న మాటకు జవాబు యూదుల దగ్గరే ఉంది. వాళ్ల పాత కథ ఒకటి. పడవలో అందరూ కూర్చుని ఉంటే ఒకడు వడ్రంగులు బెజ్జాలు వేసే బర్మా తీసుకుని తన కాళ్ల కింద బెజ్జం వేయడం మొదలెట్టాడట. ఏంట్రా ఇది అంటే, "నా చోట నేను వేసుకుంటున్నా, మీకేం?" అన్నాడట. నీళ్లు వచ్చేది అందరి కిందకీ కదా! విజయవాడవాళ్లకి పడవ సంగతి వివరించక్కర్లేదు, మీవారికి చెప్పి చూడండి. తట్టు సరిగ్గా ఆ బెజ్జంలాంటిదే. రోగి గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఒంటి మీద దద్దు కనపడడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తుంది. ఆమెకే తెలియకుండా మీ పాపకి రావచ్చు.

కాబట్టి మీ ఇంటి పనులు ముందు. ఆమెను ఒప్పించడం తర్వాత, అది జరిగినా జరగకపోయినా. ఈ వారమే పాప డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. మామూలుగా ఎంఎంఆర్ ఏడాది నిండాకే. కానీ ఆరు నెలలు దాటిన పిల్లలు విదేశం వెళ్తున్నా, చుట్టుపక్కల తట్టు వచ్చినా ముందుగా ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది దాటాక మళ్లీ రెండు వేయించాలి. మీ పరిస్థితిలో వేయాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈ నెలల్లో తగ్గుతూ ఉంటుంది, దాని మీద భరోసా పెట్టుకోకండి. మీ బాబుకి నాలుగేళ్లంటున్నారు, రెండో డోసు పడిందా? పడకపోతే ఇప్పుడే వేయించేయండి. ఇంకో సంగతి, ఎవరూ గుర్తుపెట్టుకోనిది: మీరూ మీవారూ. మన దేశంలో ప్రభుత్వం వేసే రెండో డోసు తట్టు టీకా 2010 నుంచే మొదలైంది. మీ వయసువాళ్లకి చిన్నప్పుడు ఒకటే పడి ఉంటుంది, అదీ పడి ఉంటే. గ్రీన్‌కార్డు మెడికల్‌లో వేయించుకుని ఉంటే సరే. లేకపోతే మీ డాక్టరుని అడగండి. పాలిచ్చే తల్లి ఎంఎంఆర్ వేయించుకోవచ్చు.

ఇక ఆమెతో మాట్లాడడం. తప్పు కాదు, తప్పకుండా మాట్లాడండి. రెండు రాత్రులు మీ బిడ్డను గుండెల మీద పడుకోబెట్టుకున్న మనిషితో మాట్లాడలేకపోతే ఇంకెవరితో మాట్లాడతారు? ఒక్కటి మాత్రం చేయొద్దు: నేను పైన చెప్పిన పిట్టగోడ, పడవ, రాంబామ్ ఇవేవీ ఆమెకు అప్పజెప్పకండి. పక్కింటి ఇంగ్లీషావిడ వచ్చి మనకి ఏకాదశి ఎలా ఉండాలో చెబితే మనకెలా ఉంటుంది? ఇవన్నీ మీ ధైర్యం కోసం. ఎదురు వాదించకుండా ఒక్క ప్రశ్న అడగండి: "మీ రబ్బీని అడిగావా?"

ఈ ప్రశ్నకు వాళ్లలో చాలా బరువుంది. ఆర్థడాక్స్ ఇళ్లలో ఏ సందేహం వచ్చినా తమ సొంత రబ్బీని అడుగుతారు, గిన్నెల దగ్గర్నుంచి ఆపరేషన్ల దాకా. దాన్ని షైలా అడగడం అంటారు. పోప్ లాంటివాడు వాళ్లకు లేడు, ఎవరి రబ్బీ వాళ్లకి. వైద్యం విషయమైతే ఆ రబ్బీ కూడా ముందు డాక్టరును అడుగుతాడు. ఆమె ఒకవేళ అడగలేదేమో, వదినగారో పొరుగావిడో చెప్పిందేమో. అడిగి ఉంటే, ఏమన్నాడో వినండి. ఒకవేళ ఆయనే వద్దని ఉంటే ఇంక ఆ మాట అక్కడితో వదిలేయండి, మీరు గెలవలేరు, గెలవాల్సిన పనీ లేదు.

నేనైతే ఇలా అంటాను: "నువ్వు మా బాబుని చూసుకున్న రెండు రాత్రులు నేను మర్చిపోను. పాపకి ఇంకా టీకా వేయలేదు, నాకు చాలా భయంగా ఉంది. మీరు ప్రయాణం నుంచి వచ్చాక మూడు వారాలు పాపని దూరంగా ఉంచుతాను, ఏమీ అనుకోకు. వెళ్లేముందు చిన్నవాళ్ల గురించి మీ రబ్బీనీ డాక్టరునీ ఒకసారి అడుగుతావా?" తల్లికి తల్లి మాట అర్థమవుతుంది. జెలటిన్ లేని రకం సంగతి కూడా ఇప్పుడే చెప్పండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టొద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి.

ఆ మూడు వారాల లెక్క ఎక్కడిదంటే, తట్టు సోకాక బయటపడడానికి ఎక్కువలో ఎక్కువ 21 రోజులు పట్టవచ్చు. వాళ్లు తిరిగొచ్చిన రోజు నుంచి ఆ 21 రోజులూ మొహమాటం వద్దు. ఇంట్లోకి రాకపోకలు బంద్. పాప విషయంలో మీకు బాకీ ఎవరికీ లేదు. ఆ గడువు దాటి అందరూ బాగుంటే, రెండు డోసులూ పడ్డ మీ బాబు వాళ్ల అబ్బాయితో ఎప్పట్లాగే ఆడుకోవచ్చు. పాపను మాత్రం తన టీకా పడేదాకా ఆ ఇంట్లోకి తీసుకెళ్లకండి. స్నేహం తెంచుకోనక్కర్లేదు. టీకా లేని పిల్లల్ని వెలివేస్తే వాళ్ల తల్లి ఆ రంగుల పుస్తకం ఇచ్చినవాళ్లకే ఇంకా దగ్గరవుతుంది.

పాప మొదటి పుట్టినరోజు చేసేటప్పుడు, ఎంఎంఆర్ వేయించి రెండు మూడు వారాలు గడిచిన తేదీ చూసుకుని పెట్టుకోండి, ఆమెనూ పిల్లల్నీ పిలవండి. శనివారం పెట్టకండి, శుక్రవారం సాయంత్రమూ వద్దు, రాలేరు. ఆదివారమైతే వస్తారు. కేకు డబ్బా కొనేటప్పుడు తిప్పి చూడండి, ఆ యు గుర్తు ఉండాలి.